బడ్జ్ బడ్జ్ రేవున దిగిన పరివ్రాజకుడు

1890 జూలైలో శ్రీ శారదాదేవి ఆశీస్సులను పొంది వరాహనగర మఠమును వీడిన నాడు స్వామి వివేకానందుల హృదయము హిమాలయములందలి ఏకాంత తపస్సునే కోరుచుండెను. కాని దేశాటనము వారిని వేరొక దారికి మరల్చినది. రాజమందిరములందును, నిరుపేదల గుడిసెలందును వారు అతిథులైరి. ఆకలిని, అవిద్యను కన్నులార చూచిరి. 1892 డిసెంబరులో కన్యాకుమారి శిలపై ధ్యానమగ్నులైనపుడు వారి మనస్సును నిండినది ఈ దీనజనుల దుఃఖమే. 1893 ఫిబ్రవరి 13వ తేదీన సికిందరాబాదు మహబూబ్ కళాశాలలో తమ పాశ్చాత్యదేశ యాత్రోద్దేశమును వివరించి, మే 31న బొంబాయిలో ఓడనెక్కిరి.

1897 జనవరి 15న కొలంబోలో దిగినది మొదలు స్వాగతములు, ఉపన్యాసములు ఎడతెగక సాగినవి. చెన్నపురిలో తొమ్మిది దినములు గడపునప్పటికి స్వామి శరీరము మిక్కిలి అలసినది. అచ్చటినుండి సముద్రయానము కొంత విశ్రాంతి నొసగెను. ఓడ హుగ్లీ నదిలో ప్రవేశించి, కలకత్తాకు దక్షిణమున నున్న బడ్జ్ బడ్జ్ చేరినది. ఫిబ్రవరి 19 ఉదయమున వారు అచట దిగి, ప్రత్యేక రైలులో సియాల్దా చేరిరి. వేలాది జనులు జయధ్వానము లొనర్చిరి. యువకులు గుఱ్ఱములను విప్పి బండిని తామే లాగిరి.

ఆ సన్మానములకు స్వామి పొంగిపోలేదు, విశ్రమింపనూ లేదు. మే 1వ తేదీననే శ్రీరామకృష్ణ మిషన్‌ను స్థాపించిరి. అటుపైన వారికి మిగిలినవి ఐదేండ్లు మాత్రమే. 1902 జూలై 4న మహాసమాధి నొందిరి. ఏకాంతమును కోరి వెడలిన సన్న్యాసి లోకసేవను వ్రతముగా గైకొని మరలివచ్చెను. పరుల దుఃఖము తనదిగా తోచుటయే యాత్రకు నిజమైన ఫలము.