రాజుల్ని పక్కనపెట్టి జనం చరిత్ర రాసిన వకీలు
సాక్ష్యాలతో తెలంగాణ తెలుగును నిలబెట్టిన సురవరం ప్రతాపరెడ్డి

చంద్రపూర్: వకీలు అన్నాక సాక్ష్యం లేనిదే మాట్లాడడు. సురవరం ప్రతాపరెడ్డి కూడా అంతే. కాకపోతే ఆయన ఎక్కువకాలం వాదించింది కోర్టులో కాదు. నిజాం రాష్ట్రంలో తెలుగుకు చోటుందా, తెలుగోళ్లకు చెప్పుకోదగ్గ చరిత్ర ఉందా అన్న కేసునే జీవితాంతం మోశారు. ఆ కేసు మనకూ సంబంధించిందే. వార్ధా నదికి ఇవతల చాందా, అవతల రాజురా. 1956లో రాష్ట్రాల పునర్విభజన జరిగేదాకా రాజురా తాలూకా ఆదిలాబాద్ జిల్లాలోనే ఉండేది. హైదరాబాద్ రాష్ట్రం కిందికే వచ్చేది.

వకాలత్ వదిలి..

ప్రతాపరెడ్డి 1896 మే 28న పుట్టారు. సొంతూరు అప్పటి గద్వాల సంస్థానంలోని ఇటిక్యాలపాడు. కర్నూలు, హైదరాబాద్, మద్రాసుల్లో చదువుకున్నారు. బీఏ తర్వాత బీఎల్ పూర్తిచేసి కొన్నాళ్లు వకాలత్ చేశారు. తెలుగుతోపాటు సంస్కృతం, ఉర్దూ, ఇంగ్లిష్ బాగా వచ్చు. ప్రాక్టీసు కొనసాగించి ఉంటే నాలుగు రాళ్లు వెనకేసుకునేవారే. కానీ కొత్వాల్ రాజబహదూర్ వెంకటరామారెడ్డి పిలుపుతో 1924లో హైదరాబాద్ రెడ్డి హాస్టల్ బాధ్యతలు తీసుకున్నారు. పల్లెల నుంచి వచ్చిన పిల్లలకు అన్నం, పడకతోపాటు పుస్తకాలు కూడా అందేలా చూశారు. అక్కడి గ్రంథాలయాన్ని పెంచి పెద్దచేశారు.

అప్పట్లో కోర్టుల్లో, కచేరీల్లో నడిచేది ఉర్దూయే. ఉస్మానియా యూనివర్సిటీలో చదువూ ఉర్దూలోనే. సభ పెట్టుకోవాలంటే సర్కారు అనుమతి కావాలి. అలాంటి రోజుల్లో 1926 మే 10న గోలకొండ పత్రిక మొదలైంది. వారానికి రెండుసార్లు వచ్చేది. సంపాదకుడిగా ప్రతాపరెడ్డి రైతుల కష్టాలు, బడులు, గ్రంథాలయాల గురించి రాశారు. సర్కారు కన్ను ఎప్పుడూ పత్రిక మీదే ఉండేది. అయినా వెనక్కి తగ్గలేదు. 1930లో జోగిపేటలో జరిగిన మొదటి నిజాం రాష్ట్ర ఆంధ్ర మహాసభకు ఆయనే అధ్యక్షత వహించారు.

354 మంది సాక్షులు

తెలంగాణలో తెలుగు కవులు లేనే లేరని ఒక పండితుడు తేల్చేశారు. ఇది చాలామందికి కోపం తెప్పించింది. ప్రతాపరెడ్డి కోపంతో సరిపెట్టుకోలేదు. కవులు తమ పద్యాలు, వివరాలు పంపాలని పిలుపునిచ్చారు. ఊరూరి నుంచి జవాబులొచ్చాయి. వాటిని 1934లో గోలకొండ కవుల సంచికగా అచ్చేశారు. అందులో ఏకంగా 354 మంది కవులున్నారు! పేరు, ఊరు, రచనతో సహా సాక్షుల్ని నిలబెట్టాక ఇక వాదనకు చోటేముంది?

ఏం తిన్నారు.. ఏం కట్టారు

ఆయన పేరు చిరకాలం నిలబెట్టిన పుస్తకం 1949లో వచ్చిన ఆంధ్రుల సాంఘిక చరిత్ర. చరిత్ర అంటే రాజుల యుద్ధాలు, తేదీలే అనుకునే కాలమది. ఆయన మాత్రం మామూలు జనం ఏం తిన్నారు, ఏం కట్టారు, ఏ ఆటలాడారు, ఏ పండుగ చేసుకున్నారు, ఏ పన్నులు కట్టి నలిగారు అని వెతికారు. తూర్పు చాళుక్యుల కాలం నుంచి 1907 దాకా వచ్చారు. శాసనాలు ఒక్కటే చాలవని పాత కావ్యాలు తిరగేశారు. క్రీడాభిరామంలో ఓరుగల్లు వీధులు చూశారు. శుకసప్తతి, హంసవింశతి లాంటి కథాకావ్యాల్లో వృత్తులు, వస్తువుల పేర్లు ఏరారు. నిఘంటువులకు అర్థం తెలియని మాటల్ని జనం వాడుకలో పట్టుకున్నారు.

ఈ పద్ధతికి ఓ హద్దూ ఉంది. కావ్యాలు రాసింది ఎక్కువగా చదువుకున్నోళ్లు. అక్షరం అందని జనం వాళ్ల కళ్లకు ఎలా కనబడ్డారో అలాగే మనకూ కనబడతారు. అయినా మామూలోడి బతుకు కూడా చరిత్రేనని తెలుగులో గట్టిగా నిలబెట్టింది ఈ పుస్తకమే.

1952లో వనపర్తి నుంచి హైదరాబాద్ శాసనసభకు ఎన్నికైన ఆయన 1953 ఆగస్టు 25న కన్నుమూశారు. వయసు 57 ఏళ్లే. రెండేళ్లకు, 1955లో, కేంద్ర సాహిత్య అకాడమీ తెలుగుకు ఇచ్చిన మొట్టమొదటి అవార్డు ఆంధ్రుల సాంఘిక చరిత్రకు దక్కింది. అందుకోవడానికి ఆయన లేరు. హైదరాబాద్ ట్యాంక్‌బండ్‌పై ఆయన విగ్రహం ఉంది. 2025లో అక్కడి తెలుగు విశ్వవిద్యాలయానికి ఆయన పేరు పెట్టారు.

మన వంతు?

చంద్రపూర్, బల్లార్‌పూర్, రాజురాల్లో తెలుగు కుటుంబాలు తరాలుగా ఉన్నాయి. బొగ్గు గనులకు, పేపర్ మిల్లుకు పని వెతుక్కుంటూ వచ్చినోళ్లున్నారు. సరిహద్దు మారినా ఊరు మారనోళ్లున్నారు. పిల్లలు మరాఠీ బడుల్లో చదువుతున్నారు, తెలుగు ఇంట్లో మాటగానే మిగులుతోంది. తాత ఏ ఊరి నుంచి వచ్చాడు, ఏ పని చేశాడు, నాన్నమ్మ ఏ పాట పాడేది అన్నవి కాగితం మీదికి ఎక్కకపోతే, రేపు ఇక్కడ తెలుగోళ్లే లేరని ఎవరన్నా అంటే చూపడానికి సాక్ష్యం ఉండదు. ప్రతాపరెడ్డి చేసింది పెద్ద పనే. కానీ మొదలుపెట్టింది మాత్రం అడగడంతోనే. ఇంట్లో పెద్దోళ్లుండగానే మనమూ అడిగి రాసిపెట్టుకుంటే మంచిది.