ప్రజాభవన శిల్పి విన్సెంట్ ఎష్

జగిత్యాల పట్టణమున ఒక పురాతన దుర్గము కలదు. దాని నేలకట్టు నక్షత్రాకారమున నుండును. చుట్టును లోతైన కందకము, దళసరి రాతిగోడలు, బురుజులు, వానిమీద ఫిరంగులు. పదునెనిమిదవ శతాబ్దమున ఐరోపా దేశపు దుర్గనిర్మాణ పద్ధతి ననుసరించి దానిని కట్టిరి. పరదేశపు శాస్త్రమును మన పనివారి చేతి నేర్పును కలిసి నిర్మించిన కట్టడమది. అయినను దుర్గము దుర్గమే. దాని గోడలు శత్రువును వెలుపల నిలుపుటకై లేచినవి.

ఇరువదవ శతాబ్దపు తొలి దినములలో పరదేశపు వాస్తుశాస్త్రజ్ఞు డొకడు ఈ ప్రాంతమునకు రాజధానియైన హైదరాబాదునకు వచ్చెను. అతడు కట్టినవి దుర్గములు కావు, రాజుల మందిరములును కావు. రోగి నడిగి వచ్చు వైద్యశాల, న్యాయము కోరి వచ్చు ధర్మస్థానము, విద్యకై వచ్చు పాఠశాల, ప్రయాణమునకై వచ్చు రైలుస్టేషను. వాని గోడలు జనులను లోపలికి పిలుచుటకై లేచినవి. ఆ వాస్తుశిల్పి పేరు విన్సెంట్ జెరోమ్ ఎష్.

విన్సెంట్ ఎష్ 1876వ సంవత్సరమున ఇంగ్లండు దేశమున జన్మించెను. గృహనిర్మాణ శాస్త్రమును అభ్యసించి, యౌవనముననే భారతదేశమునకు వచ్చెను. 1899లో బెంగాల్ నాగపూర్ రైల్వేలో సహాయ ఇంజనీరుగా చేరెను. కలకత్తా నుండి మన వాల్తేరు వరకు రైళ్లు నడిపిన సంస్థ యిదియే. వంతెన యెంత బరువు మోయగలదో, మన యెండవానలకు ఏ రాయి నిలుచునో, ఏ సున్నము పట్టునో, పనివారితో ఎట్లు మెలగవలెనో ఇట్టి యుద్యోగములలోనే తెలియును. పుస్తకములలో చదివిన విద్యకు అనుభవ మట్లు తోడయ్యెను.

ఆ కాలమున కలకత్తా నగరమున విక్టోరియా రాణి జ్ఞాపకార్థము తెల్లని చలువరాతితో ఒక మహాభవనమును కట్టదలచిరి. దానికి నమూనా సిద్ధపరచినవాడు సర్ విలియమ్ ఎమర్సన్. ఆయన ఇంగ్లండులో నుండగా, ఇచట పనిని దగ్గరనుండి నడుపుటకు సమర్థుడు కావలసివచ్చెను. ఆ బాధ్యత ఎష్‌కు లభించెను. 1906లో శంకుస్థాపన జరిగిన యా భవనము 1921లో గాని ప్రారంభము కాలేదు. తోటద్వారములకు, వంతెనకు ఎష్ స్వయముగా నమూనాలు గీసెను. ఒకరి యూహను మరియొకడు నమ్మకముగా రాతిలోనికి దింపుట సులభమైన పని కాదు. ఎష్ ఆ పనిలో పేరు గాంచెను.

ఇంతలో హైదరాబాదున ఒక ఘోర విపత్తు సంభవించెను. 1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీనది కట్టలు తెంచుకొని నగరముపై బడెను. ఇండ్లు వేలకొలదిగా కూలెను. సుమారు పదునైదు వేలమంది ప్రాణములు కోల్పోయిరని చెప్పుదురు. నది యొడ్డుననున్న అఫ్జల్‌గంజ్ వైద్యశాల కూడ వరదపాలయ్యెను. ఆ సమీపముననే యున్న యొక చింతచెట్టు నెక్కి నూట యేబదిమంది వరకు ప్రాణములు దక్కించుకొనిరి. గోడలు నిలువని చోట చెట్టు నిలిచినది.

ఆ దుఃఖము నుండియే నూతన నగరము పుట్టెను. ప్రసిద్ధ ఇంజనీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్య మూసీని అదుపులో నుంచుటకు ప్రణాళిక రచించెను. దాని ఫలితముగా 1920లో ఉస్మాన్‌సాగరు, 1927లో హిమాయత్‌సాగరు జలాశయము లేర్పడెను. 1911లో సింహాసన మెక్కిన ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాను మరుసటి సంవత్సరమున నగరాభివృద్ధి సంఘమును నెలకొల్పెను. నది కిరుప్రక్కల తీరమును బాగుచేసి, వరద తుడిచిపెట్టిన చోటనే ప్రజోపయోగకరమైన భవనములు నిర్మింపవలెనని నిశ్చయించిరి. ఈ కార్యమునకై 1914లో ఎష్‌ను హైదరాబాదునకు రప్పించిరి.

ఎష్ ఇంగ్లండులోని భవనములను తెచ్చి యిచట నాటదలచలేదు. కుతుబ్‌షాహీల గుమ్మటములను, మొగలుల విశాల ద్వారములను, రాజపుత్రుల ఛత్రములను తన నమూనాలలోనికి తెచ్చెను. వాని యందము నొక్కదానినే కాక ప్రయోజనమును గూడ గ్రహించెను. గోడనుండి ముందుకు సాగిన రాతిచూరు ఎండను, వానను ఆపును. జాలీకిటికీ గాలిని విడిచి వేడిమిని అడ్డుకొనును. ఎత్తైన కప్పు గదిని చల్లగా నుంచును. మన పూర్వులు శతాబ్దముల అనుభవముచే కనుగొన్న యీ యుపాయములను అతడు నూతన భవనములకు అన్వయించెను.

1916 నాటికి కాచిగూడ రైలుస్టేషను సిద్ధమయ్యెను. నడుమ పెద్ద గుమ్మటము, ప్రక్కల చిన్న గుమ్మటములు, మీనారులతో అది దూరమునకు ప్రాచీన సౌధమువలె కన్పట్టును. కాని దాని నిర్మాణ పద్ధతి మిక్కిలి నవీనమైనది. ఇనుపకడ్డీలు పెట్టి అచ్చులలో పోసి గట్టిపరచిన కాంక్రీటు భాగములను తెచ్చి కూర్చి దానిని కట్టిరి. ఆ కాలమునకు మన దేశమున ఈ విధానము క్రొత్తది.

మూసీ దక్షిణ తీరమున ఉన్నత న్యాయస్థానము వెలసెను. దీనికి మొదటి నమూనా గీసినవాడు జయపురమునకు చెందిన శంకర్‌లాల్. ఎష్ ఆ నిర్మాణకార్యమును చేపట్టెను. స్థానిక ఇంజనీరు మెహర్ అలీ ఫాజిల్ పనిని నడిపెను. 1915లో మొదలైన యీ భవనము 1920 ఏప్రిల్ 20వ తేదీన ప్రారంభ మయ్యెను. ఎఱ్ఱని యిసుకరాయి, గులాబిరంగు నల్లసేనపు రాయి కలిసిన యా కట్టడము నదీజలములలో ప్రతిబింబించుచుండెను. దాని చెంతనే సిటీ హైస్కూలు భవనమును ఎష్ నిర్మించెను. 1921లో విద్యార్థు లందు ప్రవేశించిరి. 1929లో అది సిటీ కళాశాల యయ్యెను.

ఎష్ నిర్మాణములన్నిటిలోను ఉస్మానియా వైద్యశాల మిన్న. పూర్వపు వైద్యశాలను వరద మ్రింగిన ప్రాంతమున, ఉత్తర తీరమున, న్యాయస్థానమున కెదురుగా, దానిని నిలిపిరి. రాతితోను సున్నముతోను కట్టిన దాని పొడవైన ముఖభాగము, నడిమి గుమ్మటము, మూలల ఛత్రములు చూపరులకు రాజభవనమును తలపించును. కాని లోపలి మంచములపై పరుండినవారు రాజులు కారు, నిరుపేదలు. పని 1925 ప్రాంతమున పూర్తియయ్యెను. నాడు ప్రాణములు గాచిన చింతచెట్టు ఆ యావరణముననే నిలిచియుండెను.

అప్పుడు జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతములు హైదరాబాదు రాజ్యములోని కరీంనగరు జిల్లాలో చేరియుండెను. అచటి సేద్యకాండ్రకు, నేతకాండ్రకు రాజధాని చాల దూరము. అయినను పొలము తగవు క్రింది న్యాయస్థానములలో తీరనిచో చివరకు మూసీ యొడ్డున ఆ యెఱ్ఱని భవనమునకే చేరవలెను. ఊరి వైద్యునకు లొంగని వ్యాధి వచ్చినచో ఎదుటి యొడ్డుననున్న వైద్యశాలయే దిక్కు. రాజ్యము నిజాముది. పాలనలో ప్రజలకు పాత్ర లేకుండెను. కాని కట్టిన పిమ్మట ఆ భవనములు ప్రజలవే అయ్యెను. 1948లో నిజాము పాలన అంతరించెను. భవనములు మాత్రము తమ సేవను మానలేదు.

సరిగా అదే కాలమున దూరదేశమైన స్వీడనులో ఇట్టి ప్రయత్నమే జరుగుచుండెను. రాగ్నర్ ఓస్ట్‌బర్గ్ అను వాస్తుశిల్పి 1911 నుండి 1923 వరకు శ్రమించి, స్టాక్‌హోము నగరమున నీటి యంచున ఎఱ్ఱని యిటుకలతో పురమందిరమును నిర్మించెను. అతడును తన దేశపు పూర్వశిల్పరీతిని విడువక నూతన ప్రయోజనమునకు మలచుకొనెను. నోబెల్ బహుమతి విందు జరుగునది ఆ మందిరముననే. పుర మేదైనను, ప్రజలు కూడు చోటు అందముగాను దృఢముగాను ఉండవలెనను భావము ఒక్కటే.

ఇంతటి భవనములు ఒక్కని చేతిమీదుగా లేచునా? ఎష్ గీసిన గీతలను రాతిలో చెక్కిన శిల్పులు, సున్నము నూరినవారు, బండలు మోసినవారు వేలకొలదిగా పాటుపడిరి. వారి పేర్లు చరిత్రలో నిలువలేదు. ఛత్రములందు, రాతిచూరులందు వారి చేతిపని మాత్రము నిలిచినది.

హైదరాబాదు కొలువు ముగిసిన పిదప ఎష్ స్వదేశమునకు మరలెను. విక్టోరియా స్మారకభవన నిర్మాణమునకు గుర్తింపుగా 1922లో ఆంగ్ల ప్రభుత్వ మతనికి బిరుదమొసగి గౌరవించెను. 1950వ సంవత్సరమున అతడు కన్నుమూసెను. కలకత్తాలో ఒక సామ్రాజ్ఞి జ్ఞాపకమునకై పాటుపడిన యా హస్తమే హైదరాబాదున పేరులేని రోగులకు నీడ కల్పించినది. ఈ రెండింటిలో ఏది గొప్ప పనియో విద్యార్థులు తామే యోచింపవలెను.

భవనమునకును మనుష్యునివలెనే వార్ధక్యము వచ్చును. 2009 ఆగస్టు 31వ తేదీ రాత్రి అగ్నిప్రమాదములో ఉన్నత న్యాయస్థానపు గ్రంథాలయము దగ్ధమయ్యెను. ఉస్మానియా వైద్యశాల పాతభవనము మరమ్మతులు చాలక శిథిలమయ్యెను. దానిని కూల్చివేయవలెనని కొందరును, కాపాడవలెనని కొందరును చాలకాలము వాదించుకొనిరి. 2020 జూలైలో వానలకు వార్డులలోనికి నీరు చేరగా రోగులను అచటినుండి తరలించిరి. 2025 జనవరిలో గోషామహల్‌లో నూతన వైద్యశాలకు శంకుస్థాపన జరిగెను. రోగికి భద్రమైన చోటు కావలయును, నిజము. కాని పాతది కూలునంతవరకు మనము చూచుచుండుట కూడ న్యాయము కాదు. ఏటేట కప్పుమీది మొక్కలను పెరికి, నీరు పోవు దారులను శుభ్రపరచి, సున్నము రాలినచోట మరల పూసినచో రాతికట్టడము శతాబ్దములు నిలుచును.

కట్టుట ఒక తరము పని, కాపాడుట అన్ని తరముల పని. మన యూరి పాఠశాలయు, వైద్యశాలయు, బస్సుస్టేషనును, గ్రంథాలయమును ఎవరో పరుల సొత్తు కాదు. వాని గోడమీద గీత గీయునప్పుడు, కిటికీ విరుగగొట్టునప్పుడు మన యింటినే పాడుచేసికొనుచున్నామని గుర్తింపవలెను. పరదేశమునుండి వచ్చి మన ప్రజలకై ఇన్ని గొప్ప ద్వారములు తెరచిన విన్సెంట్ ఎష్‌కు, అతనితో పాటుపడిన శ్రామికులకు మనము చూపదగిన కృతజ్ఞత యిదియే.