కచేరీ చెయ్యని వైణికులకు అభినందన

ఈ 2026 అక్టోబర్ 13కి చిట్టిబాబు పుట్టి తొంభై ఏళ్లు. ఆ జయంతి ఈసారి శరన్నవరాత్రుల్లోనే వచ్చింది. వీణ చేతబట్టిన తల్లిని కొలిచే రోజుల్లో వీణనే బతుకు చేసుకున్న మనిషి పుట్టినరోజు రావడం నాకు ఎంతో సంతోషంగా ఉంది. ముదినేపల్లిలో మా అరుగు మీద కూర్చుని ఆయనకు దండం పెట్టుకుని రాస్తున్నాను. అయితే నా అభినందన ఆయనకు కాదు. పెద్ద విద్వాంసులకు బిరుదులున్నాయి, శాలువాలు అందాయి. నేను అభినందించేది పొయ్యి కట్టేసి, పిల్లలకు అన్నాలు పెట్టి, చాప మీద బాసింపట్టు వేసుకుని వీణ ముందు కూర్చునేవాళ్లని. బడి నుంచో బ్యాంకు నుంచో ఇంటికొచ్చి, కాళ్లు కడుక్కుని శ్రుతి చేసుకునేవాళ్లని. వీళ్ల పేర్లు కరపత్రాల మీద ఉండవు. చాలామంది జన్మలో ఒక్క కచేరీ కూడా చెయ్యరు.

చిట్టిబాబు కథ మొదలైంది అలాంటి ఇంట్లోనే. కాకినాడలో తండ్రి చల్లపల్లి రంగారావు గారు ఇంట్లో వీణ వాయించుకుంటుంటే ఒక స్వరం తప్పు పలికిందట. ఐదేళ్ల కొడుకు అది పట్టుకుని సరిదిద్దాడని చెబుతారు. ఆ తర్వాత గురువులు దొరికారు, ఈమని శంకరశాస్త్రి గారి శిష్యరికం దొరికింది, వీణ మీద కోయిల కూత పలికింది. కానీ ముందు ఆ ఇంట్లో వీణ మోగుతూ ఉండాలి కదా. మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారి తల్లి సూర్యకాంతమ్మ గారు కూడా మంచి వైణికురాలే. కొడుకు పసికందుగా ఉండగానే ఆవిడ కన్నుమూసింది. ఆవిడ వీణ మనమెవరమూ వినలేదు. వినకపోయినా ఆ చేతులకు మనం రుణపడే ఉన్నాం.

మాకు వీణ అంటే నూజివీడు. ముదినేపల్లి నుంచి గుడివాడ, హనుమాన్ జంక్షన్ మీదుగా వెళితే వస్తుంది. 2022లో జిల్లాలు మారినప్పుడు మేమూ వాళ్లూ కలిసే కృష్ణా నుంచి ఏలూరు జిల్లాలోకి వచ్చాం. ఊరి పేరు చెబితే అందరికీ మామిడి రసాలు గుర్తొస్తాయి. మా ఇళ్లల్లో మాత్రం పనసచెక్క వాసన కూడా గుర్తొస్తుంది. ఉత్తరాంధ్రకు బొబ్బిలి వీణ ఎలాగో, మా కృష్ణా గోదావరి మధ్య ఊళ్లకు నూజివీడు వీణ అలాగ. కుండ, దండి విడిగా చేసి అతికిస్తే ఒక రకం. ఒకే పనస మొద్దులోంచి మొత్తం తొలిస్తే ఏకాండి వీణ. మా అమ్మ వీణ ఏకాండి. దాన్ని ఎత్తాలంటే నాకు ఇప్పటికీ ఇద్దరి సాయం కావాలి.

వీణ కొనుక్కోవడం ఒక ఎత్తు, కాపాడుకోవడం ఇంకో ఎత్తు. మెట్లు ఇరవై నాలుగూ నిలబడేది మైనం మీద. మా వైపు ఎండలకు ఆ మైనం మెత్తబడి మెట్టు ఒక్క వెంట్రుకవాసి పక్కకు ఒరిగినా గాంధారం గాంధారంలా పలకదు. వానాకాలం వస్తే కొల్లేటి గాలికి, చుట్టూ ఉన్న చేపల చెరువుల తేమకి తీగలు తుప్పు పడతాయి. మెట్లన్నీ మళ్లీ మైనంలో అమర్చి మేళం కట్టించాలంటే ఆ పని తెలిసిన మనిషి దొరకాలి. దొరికేదాకా వీణకు గుడ్డ కప్పి ఉంచాలి. అంత ఖర్చు, అంత ఓపిక, రూపాయి తిరిగి రాని పనికి! ఇది చేసేవాళ్లని మెచ్చుకోకుండా ఎలా ఉండగలం?

ఒకప్పుడు పెళ్లిచూపుల కోసం ఆడపిల్లకి నాలుగు కీర్తనలు వీణ మీద నేర్పించేవారు. పెళ్లయ్యాక వీణ పుట్టింట్లో బీరువా మీదకి ఎక్కేది. ముప్ఫై ఏళ్లు అక్కడే దుమ్ము తాగేది. అలా దూరమైన వీణని యాభై దాటాక కిందికి దించి, సరళీ స్వరాల దగ్గర్నుంచి మళ్లీ మొదలుపెట్టిన అమ్మలు, పిన్నులు, అత్తయ్యలు ఎందరో ఉన్నారు. వేళ్లకి కాయలు కాస్తాయి, కన్ను సరిగా ఆనదు, అయినా మానరు. నా దృష్టిలో ఈ కళకు అసలైన పోషకులు వాళ్లే. రాజుల పోషణ గురించి పుస్తకాలు చాలానే వచ్చాయి. వీళ్ల గురించి ఒక్కటీ రాలేదని నా బాధ.

వాళ్ల ఒళ్లో ఉన్న వాద్యం ఎంత పాతదో చూడండి. విజయనగరంలో అళియ రామరాయల కాలంలో, 1550లో, రామామాత్యుడు స్వరమేళకళానిధి రాస్తూ శుద్ధమేళ వీణ, మధ్యమేళ వీణ, అచ్యుతరాయల పేరు మీద ఇంకొకటి అని మూడు రకాలు లెక్కగట్టాడు. 1609లో సోమనాథుడు రాగవిబోధంలో ఎక్కడ మీటాలో, స్వరాన్ని ఎలా కదిలించాలో గుర్తులు పెట్టి మరీ రాగాలు రాసిపెట్టాడు. తంజావూరులో రఘునాథ నాయకుడి ఏలుబడిలో 24 మెట్లూ కదలకుండా అమరాయని, అందుకే దీనికి రఘునాథ వీణ అనే పేరు వచ్చిందని అంటారు. ఇప్పుడు ముదినేపల్లిలో ఒక పిల్ల వేలు పెట్టేది ఆ మెట్ల వరస మీదే.

ఇళ్లల్లో వాయించుకునేవాళ్లే వాద్యాన్ని నిలబెట్టిన ఇలాంటి ముచ్చటే యూరప్‌లో కొంత బాధతో జరిగింది. మోకాళ్ల మధ్య పెట్టుకుని కమానుతో వాయించే వయోలా ద గాంబా అనే వాద్యం పద్దెనిమిదో శతాబ్దం చివరికి దాదాపు మూగబోయింది. నూరేళ్లు దాటాక ఆర్నాల్డ్ డోల్‌మెచ్ అనే ఆయన లండన్ గ్రంథాలయాల్లో పాత రాతప్రతులు వెతికి, వాద్యాలు తనే తయారుచేసి, 1925లో హేజిల్‌మియర్‌లో ఉత్సవం మొదలుపెట్టాడు. ఇంట్లో సరదాగా వాయించుకునేవాళ్లే దాన్ని అందుకున్నారు. 1948లో బ్రిటన్‌లో దానికోసం ఒక సంఘం ఏర్పడింది. వాళ్లు తెగిన దారాన్ని ముడి వేశారు. మన ఇళ్లవాళ్లు దారం తెగకుండా పట్టుకున్నారు.

అదే 1948 డిసెంబర్ 1న విజయవాడ ఆకాశవాణి కేంద్రం మొదలైంది. గురువు దొరకని ఊళ్లకు రేడియోయే గురువయింది. ఓలేటి వెంకటేశ్వర్లు గారు సంగీత శిక్షణ కార్యక్రమంలో ఒక్కో సంగతి విడదీసి చెబుతుంటే, పల్లెల్లో ఎందరో నోటుపుస్తకం ముందు పెట్టుకుని రాసుకున్నారు. మా ఏలూరు పక్క సోమవరప్పాడులో 1926లో పుట్టిన అన్నవరపు రామస్వామి గారి వయొలిన్ వినిపించిందీ ఆ రేడియోలోనే. ఆ నోటుపుస్తకాలు చిరిగి, అట్టలు ఊడి, ఇప్పటికీ కొన్ని ఇళ్లల్లో వీణ పెట్టె పక్కనే ఉన్నాయి.

చిట్టిబాబు తొంభయ్యో జయంతి వేళ ఆ ఇళ్లన్నిటికీ నా నమస్కారం, మనసారా అభినందన. ఇంట్లో వీణ ఉండి మూల పడేసినవాళ్లకి ఒక్క మనవి. మూలా నక్షత్రం నాడు సరస్వతీ పూజకి ఎలాగూ దాన్ని దించి, తుడిచి, బొట్టు పెడతారు. పూజ అయ్యాక మళ్లీ బీరువా ఎక్కించకండి. మైనం చూపించి మేళం కట్టించండి, సారణి తీగ మార్పించండి, విజయదశమి నాడు పొద్దున్నే ఒక్క గీతమైనా వాయించండి.