కార్లోస్ లోయ్‌జాగా

మొదటి ఆసియా క్రీడలు 1951లో ఢిల్లీలో జరిగాయని పోటీ పరీక్షల కోసం మనమంతా బట్టీ పట్టినవాళ్లమే. అక్కడ బాస్కెట్‌బాల్ స్వర్ణం గెలిచిన ఫిలిప్పీన్స్ జట్టులో లోయ్‌జాగా ఉన్నారని మాత్రం మేము చదివిన ఏ గైడులోనూ లేదు.

1930లో జన్మించిన ఆయన మనీలాలోని శాంటా మెసాలో ఆట నేర్చుకున్నారు. ఎత్తు ఆరడుగుల మూడంగుళాలు. మన కంటికి ఎక్కువే గానీ, బుట్ట కింద పెద్ద దేశాల ఆటగాళ్లతో తలపడే సెంటర్‌కు అది తక్కువే. ఎత్తు లేదని కోర్టు వైపే రాని తమ్ముళ్లు మన హాస్టల్లోనూ ఉన్నారు, అందుకే ఇంతగా చెబుతున్నాము. 1954లో రియో డి జనీరో ప్రపంచ పోటీల్లో ఆయన మ్యాచ్‌కు సగటున 16 పాయింట్లకు పైగా సాధించి, మేటి ఐదుగురిలో ఒకరయ్యారు. జట్టుకు కాంస్యం వచ్చింది. ఆ స్థానాన్ని మరే ఆసియా దేశమూ నేటికీ అందుకోలేదు.

1962 వరకు వరుసగా నాలుగు ఆసియా క్రీడల్లోనూ ఆయనకు స్వర్ణమే. 2016లో కన్నుమూశారు. అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు మాత్రం 2023లో గానీ దక్కలేదు.