ఒకే ముల్లున్న వాచీ: అబ్రహాం లూయీ బ్రెగే జీవితం



పెళ్లికొడుక్కి వాచీ పెట్టడం మన ఇళ్లలో పాత ఆనవాయితీ. ఒకప్పుడు అది చాలావరకు హెచ్‌ఎంటీ వాచీ. పొద్దున్నే కీ ఇచ్చి, రేడియో వార్తల వేళకు ముల్లు సరిచేసుకుని చేతికి పెట్టుకునేవారు. ఇప్పుడు స్థోమత ఉన్నవారు లక్షలు పెట్టి స్విస్ మెకానికల్ వాచీలు కొంటున్నారు. కొన్న వారానికే కొందరికి ఒక అనుమానం మొదలవుతుంది. సెల్‌ఫోన్ పక్కన పెట్టి చూస్తే వాచీ రోజుకు ఐదారు సెకన్లు ముందుకో వెనక్కో పోతూ ఉంటుంది. కొన్ని వందల రూపాయల బ్యాటరీ వాచీయే ఇంతకంటే సరిగ్గా నడుస్తోంది కదా, మరి ఇంత డబ్బు పోసింది ఎందుకు?

మామూలు ప్రశ్నే, కానీ పిల్లల ప్రోగ్రెస్ కార్డు చూసేటప్పుడు కూడా మనకు పనికొచ్చే ప్రశ్న. రెండు వందల ఏళ్ల కిందట తన పనితోనే దీనికి జవాబు చెప్పిన మనిషి ఉన్నాడు. ఈ నెల మహనీయుల జీవితాల శీర్షికలో ఆయన కథ చదవండి. రాత్రి భోజనాల దగ్గర పిల్లలకు కూడా చెప్పండి.

తండ్రి లేని పిల్లవాడు, సాయంత్రం బడి

అబ్రహాం లూయీ బ్రెగే 1747 జనవరి 10న స్విట్జర్లాండ్‌లోని నూషటెల్‌లో పుట్టాడు. పదకొండేళ్ల వయసులో తండ్రి చనిపోయాడు. తల్లి మళ్లీ పెళ్లి చేసుకుంది. మారుతండ్రి కుటుంబానిది గడియారాల వ్యాపారం. అలా పిల్లవాడి చేతికి పలక బదులు పట్టకారు వచ్చింది. 1762లో, పదిహేనేళ్ల వయసులో, అతన్ని పని నేర్చుకోవడానికి ఫ్రాన్సుకు పంపారు. రాజు కొలువుండే వెర్సాయ్‌లో ఒక గడియారాల మేస్త్రీ దగ్గర చేరాడు.

పగలంతా పని. సాయంత్రం పారిస్‌లోని మజారిన్ కాలేజీలో లెక్కల తరగతులు. అక్కడ పాఠం చెప్పిన అబే మారీ అనే మత గురువు ఈ కుర్రవాడి బుర్రను గుర్తుపట్టాడు. రాజు కొలువులోని పెద్దలకు అతని గురించి చెప్పాడు. బడి మధ్యలోనే ఆగిన పిల్లవాణ్ని ఒక లెక్కల మాస్టారు నిలబెట్టాడన్న మాట.

1775లో బ్రెగే పెళ్లి చేసుకుని, పారిస్‌లో సీన్ నది గట్టున సొంత దుకాణం తెరిచాడు. ఆ వీధి పేరే గడియారం గట్టు. పక్కనే ఉన్న పాత రాజభవనం బురుజు మీది పెద్ద గడియారం వల్ల ఆ పేరు వచ్చింది. ఐదేళ్లు తిరగకముందే భార్య చనిపోయింది. చిన్న కొడుకు ఆంత్వాన్ లూయీ మిగిలాడు. బ్రెగే మళ్లీ పెళ్లి చేసుకోలేదు.

రాణిగారి వాచీ

తొలి పేరు తెచ్చింది కీ ఇవ్వక్కర్లేని వాచీ. జేబులో పెట్టుకుని నడుస్తుంటే లోపలి బరువు ఊగి, స్ప్రింగు దానంతట అదే చుట్టుకుంటుంది. ఫ్రాన్స్ రాణి మేరీ ఆంటోనెట్ కూడా ఆయన ఖాతాదారు అయింది. 1783లో రాణి కోసమని అంగరక్షక దళంలోని ఒక అధికారి ఒక వాచీకి ఆర్డరు ఇచ్చాడు. అప్పటికి తెలిసిన ప్రతి హంగూ అందులో ఉండాలి, ఖర్చుకు, గడువుకు లెక్క లేదు, వీలైన ప్రతి చోటా బంగారమే వాడాలి. ఆ దుకాణం లెక్కల పుస్తకంలో దాని నంబరు 160.

అందులో లీపు సంవత్సరాన్ని కూడా గుర్తుపెట్టుకునే క్యాలెండరు, ఉష్ణోగ్రత చూపే ముల్లు, మీట నొక్కితే గంట, పావు, నిమిషం వినిపించే ఏర్పాటు ఉన్నాయి. వీటితో పాటు సూర్యుడి వేళకూ గడియారం వేళకూ మధ్య తేడా చూపే ఒక ముల్లు కూడా ఉంది. సూర్యుడు కూడా రోజూ ఒకే వేళకు నడినెత్తికి రాడు. నవంబరు మొదట్లో గడియారం కంటే సుమారు 16 నిమిషాలు ముందుంటాడు, ఫిబ్రవరి నడుమ 14 నిమిషాలు వెనకబడతాడు. మనం తప్పు పట్టలేని సూర్యుడి లెక్కే అలా ఉంటుంది.

ఆ వాచీని రాణి చూడనే లేదు. ఫ్రెంచి విప్లవంలో 1793 అక్టోబరు 16న ఆమె తల తీశారు. వాచీ పూర్తయింది 1827లో. అప్పటికి బ్రెగే కూడా లేడు, కొడుకు చేతి మీదుగా ఆ పని ముగిసింది. 1983లో జెరూసలేం మ్యూజియం నుంచి దాన్ని దొంగలు ఎత్తుకుపోయారు. చాలా ఏళ్ల తరవాత మళ్లీ దొరికింది. ఇంత చరిత్ర ఉన్న ఆ వాచీ రోజుకు ఎన్ని సెకన్లు తప్పుతుందని అడగాలని ఎవరికీ తోచదు.

ఒంటి ముల్లుతో కొత్త బతుకు

రాజు కొలువులో వాచీలు అమ్మినవాడికి విప్లవ కాలంలో పారిస్ ప్రమాదకరమే. 1793లో బ్రెగే కుటుంబంతో స్విట్జర్లాండుకు తప్పించుకుపోయాడు. 1795లో తిరిగొచ్చేసరికి పాత ఖాతాదారులు కొందరు చనిపోయారు, కొందరు దేశం విడిచి వెళ్లారు. నలభై ఎనిమిదేళ్ల వయసులో మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాలి.

అప్పుడు తెచ్చిందే ఒంటి ముల్లు వాచీ. కొనేవాడు పావు వంతు ధర ముందుగా కట్టాలి, మిగతాది వాచీ చేతికొచ్చాక. ఆ అడ్వాన్సులతోనే దుకాణం నడిచింది. వాచీ పెద్దది, తెల్లటి ఎనామిల్ డయలు, లోపల యంత్రం గట్టిది, తేలికగా బాగుచేయగలిగినది. ముల్లు మాత్రం ఒక్కటే. నిమిషాల ముల్లూ లేదు, సెకన్ల ముల్లూ లేదు. గంటకూ గంటకూ మధ్య ఐదేసి నిమిషాల గీతలు ఉంటాయి. ముల్లు ఏ గీత దగ్గరుందో చూసి, ఒకటి రెండు నిమిషాల తేడాతో వేళ చెప్పుకోవాలి. దాదాపు 700 వాచీలు అలా అమ్ముడయ్యాయి.

కొన్నవారికి అదేమీ లోటు అనిపించలేదు. వ్యాపారికి, లాయరుకు, డాక్టరుకు ఆ రోజుల్లో కావలసినది ఆ మాత్రమే. జేబులోంచి తీసిన ప్రతిసారీ నడుస్తూ కనబడాలి, పదేళ్ల తరవాత కూడా నడవాలి. బ్రెగే వారికి ఆ హామీ ఇచ్చాడు. కిందపడినా చక్రం ఇరుసు విరగకుండా స్ప్రింగు మీద నిలిపే ఏర్పాటు అంతకు ముందే కనిపెట్టి ఉన్నాడు.

సెకను విలువ తెలిసిన చోట

అదే మనిషి ఇంకో పక్క సెకనులో చిన్న ముక్క కోసం ఏళ్ల తరబడి తల పగలగొట్టుకున్నాడు. జేబు వాచీ రోజంతా జేబులో నిటారుగా నిలబడి ఉంటుంది. లోపల అటూ ఇటూ ఊగే బ్యాలెన్స్ చక్రం బరువులో వెంట్రుకవాసి తేడా ఉన్నా, భూమి లాగే లాగుడు దాన్ని ఒక పక్కకే పట్టి వాచీని ముందుకో వెనక్కో నెడుతుంది. బ్రెగే ఆ చక్రాన్నీ దాని భాగాలనూ ఒక చిన్న పంజరంలో పెట్టి, పంజరం మొత్తం తన చుట్టూ తాను తిరిగేలా చేశాడు. ఒక వైపు వచ్చిన తప్పు ఇంకో వైపు తిరిగినప్పుడు సరిపోతుంది. దానికి టూర్బియాన్ అని పేరు పెట్టాడు, ఫ్రెంచిలో సుడిగాలి అని అర్థం. 1801 జూన్ 26న పేటెంటు వచ్చింది. అయినా ఆయన జీవితకాలంలో అమ్మినవి కొద్ది పదులే. చేయడం అంత కష్టం, అవసరమైనవారు అంత తక్కువ.

నిజంగా అవసరమైనవారు నావికులు. భూమి 24 గంటల్లో 360 డిగ్రీలు తిరుగుతుంది. అంటే 4 సెకన్ల తప్పుకు భూమధ్యరేఖ దగ్గర ఓడ ఉన్న చోటు దాదాపు 1.85 కిలోమీటర్లు తప్పుతుంది. రోజుకు 5 సెకన్ల తప్పు ఎవరూ గమనించకుండా నెల రోజులు పోగుపడితే అది దాదాపు 70 కిలోమీటర్లు. చీకట్లో రాతిగుట్టకు కొట్టుకోవడానికి అది చాలు.

ఇక్కడ తెలుసుకోవలసిన విషయం ఒకటుంది. ఏ ఓడ గడియారమూ తప్పు లేకుండా నడవలేదు. నావికుడు కోరింది తప్పు రోజూ ఒకేలా ఉండాలని. రోజుకు సరిగ్గా 3 సెకన్లు వెనకబడే గడియారమైతే, పదో రోజున 30 సెకన్లు కలుపుకుంటే సరైన వేళ వచ్చేస్తుంది. ఈ రోజు 2 సెకన్లు ముందుకు, రేపు 4 సెకన్లు వెనక్కి పోయే గడియారాన్ని ఏం చేసుకోవాలి? తప్పు చిన్నదే, కానీ నమ్మకం లేదు. అందుకే గడియారాన్ని ఓడ ఎక్కించే ముందు దాని రోజువారీ తేడాను కొలిచి రాసి ఉంచేవారు.

జేబు వాచీ విషయంలోనూ బ్రెగే ఈ నిజాన్ని దాచలేదు. సింపతీక్ అనే ఒక బల్ల గడియారం చేశాడు. రాత్రి పడుకునే ముందు జేబు వాచీని దాని తల మీది గూట్లో పెడితే, పెద్ద గడియారం చిన్నదాని ముల్లు సరిచేస్తుంది. తన చేతి వాచీ కూడా దారి తప్పుతుందని ఒప్పుకుని, దానికి రోజూ ఇంటికొచ్చే చోటు ఏర్పాటు చేసిన పనివాడాయన.

రెండు కుటుంబాల స్నేహం

లండన్‌లో జాన్ ఆర్నాల్డ్ అనే గడియారాల నిపుణుడు ఉండేవాడు. ఇద్దరిదీ ఒకే విద్య, ఒకే బజారు, రెండు దేశాలకూ యుద్ధం. అయినా బ్రెగే తన కొడుకును ఆర్నాల్డ్ దగ్గరికే చదువుకు పంపాడు. 1799లో ఆర్నాల్డ్ చనిపోయాడు. ఆయన చేసిన ఒక గడియారంలో బ్రెగే తన తొలి టూర్బియాన్‌లలో ఒకదాన్ని అమర్చి, స్నేహానికి గుర్తుగా నాలుగు మాటలు చెక్కించి, ఆర్నాల్డ్ కొడుక్కి కానుకగా ఇచ్చాడు. అది ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉంది.

1815లో బ్రెగే ఫ్రెంచి నౌకాదళానికి గడియారాల నిపుణుడయ్యాడు. 1816లో సైన్స్ అకాడమీ సభ్యుడయ్యాడు. 1823 సెప్టెంబరు 17న పారిస్‌లో కన్నుమూశాడు.

మరి మన చేతి వాచీ?

రోజుకు 86,400 సెకన్లు. అందులో 5 సెకన్ల తప్పంటే వాచీకి నూటికి 99.99 మార్కులు వచ్చినట్టు. స్విట్జర్లాండ్‌లో క్రోనోమీటర్ సర్టిఫికెట్‌కు పెట్టే పరీక్షలో కూడా రోజుకు 4 సెకన్లు వెనక, 6 సెకన్లు ముందు దాకా సగటు తేడాను ఒప్పుకుంటారు. అసలు హైదరాబాదులో సూర్యుడి లెక్క చూస్తే మన గడియారాలన్నీ దాదాపు 16 నిమిషాలు ముందున్నాయి. మన దేశపు టైము కాకినాడకు దగ్గరగా పోయే 82.5 డిగ్రీల రేఖను బట్టి నడుస్తుంది మరి. స్కూల్ బస్సు అందుకోవడానికి ఒంటి ముల్లు వాచీ కూడా సరిపోతుంది.

అందుకని లెక్కే అక్కర్లేదని కాదు. రోజూ 5 సెకన్లు ముందుండే వాచీ ఒక్కసారిగా రెండు నిమిషాలు పరుగెత్తితే దానికి ఏదో అయింది. ట్యాబ్ కవరులోని అయస్కాంతం తగిలి ఉండవచ్చు, నూనె ఎండి ఉండవచ్చు. అప్పుడు మెకానిక్‌కు చూపించాలి. తేడా ఎంత అన్నదానికంటే తేడా ఎందుకు మారింది అన్నదే మనం గమనించవలసినది.

పిల్లల మార్కులకూ ఇదే కొలత పెట్టి చూడవచ్చు. ప్రతి పరీక్షలో రెండు మార్కులు ఒకే రకం తప్పుకు పోగొట్టుకునే పిల్లవాడి దారి మనకు తెలుసు, అక్కడ చేయి పట్టుకుంటే చాలు. ఎప్పుడూ లేనిది హఠాత్తుగా మారిన పిల్లవాడి దగ్గరే మనం ఆ సాయంత్రం ఎక్కువసేపు కూర్చోవాలి.

ఇంట్లో చేసి చూడండి

తాతగారిదో నాన్నదో కీ వాచీ ఉంటే బయటికి తీయండి. రోజూ ఒకే వేళకు కీ ఇచ్చి, సెల్‌ఫోన్ టైముతో పోల్చి తేడాను పిల్లల చేతనే నోట్‌బుక్‌లో రాయించండి. ఏడు రోజులయ్యాక గ్రాఫు గీయించండి. తరవాతి వారం రాత్రిపూట వాచీని వెల్లకిలా కాకుండా పక్కకు నిలబెట్టి ఉంచి, గ్రాఫు ఎలా మారిందో చూడండి. ఒక మనిషి పంజరం కట్టి సుడిగాలిలా తిప్పింది దేని కోసమో పిల్లలకు వాళ్ల గ్రాఫే చెబుతుంది.