‘మీరజాలగలడా’ పాట రాసింది సినిమా కవి కాదు.. నలభై ఏళ్లు ఆడవేషంలో మెప్పించిన ఆ నటుడెవరో తెలుసా?

స్కూల్ యానివర్సరీ కావొచ్చు, టీవీలో పాటల పోటీ కావొచ్చు, ఫోన్‌లో తీసే రీల్ కావొచ్చు. ఓ అమ్మాయి జడ ముందుకేసుకుని, నడుము మీద చెయ్యి పెట్టుకుని నిలబడిందంటే ఏ పాట రాబోతోందో మనకు ముందే తెలిసిపోతుంది. ‘మీరజాలగలడా’! 1966లో వచ్చిన ‘శ్రీకృష్ణ తులాభారం’ సినిమా పాట ఇది. ఎన్టీఆర్ కృష్ణుడు, జమున సత్యభామ, పి.సుశీల గొంతు. ఇంతవరకు చాలామందికి గుర్తుంది.

కానీ ఈ పాట పుట్టింది సినిమాలో కాదు. అంతకు చాలా ఏళ్ల ముందే నాటకాల స్టేజీ మీద పుట్టింది. రాసింది ఓ నటుడు. సత్యభామ వేషం కట్టి జనం ముందు పాడిందీ ఆయనే. అవును, ఆయనే! పేరు స్థానం నరసింహారావు. ఇవాళ పాట అందరి నోటా ఉంది, ఆయన పేరు మాత్రం ఎక్కడో వెనకబడిపోయింది. ఇంతకీ ఎవరీయన? ఆ పాట ఎందుకు రాసుకోవాల్సి వచ్చింది?

ఆ రోజు చంద్రమతి రాలేదు

స్థానం నరసింహారావు 1902 సెప్టెంబర్ 23న బాపట్లలో పుట్టారు. తండ్రి హనుమంతరావు, తల్లి ఆదెమ్మ. ఆయన నటుడు అవడమే ఓ విచిత్రం. 1920లో బాపట్లలో హరిశ్చంద్ర నాటకం వేస్తున్నారు. తీరా చంద్రమతి వేషం వేయాల్సిన మనిషి రాలేదు. హరిశ్చంద్రుడి కథలో చంద్రమతి లేకపోతే ఏం మిగులుతుంది? అప్పుడు ఆ వేషం వేసింది మన స్థానమే. అప్పటికి ఆయనకు ఇంకా 18 ఏళ్లే.

ఎవరో రాకపోతే దొరికిన ఛాన్స్ అది. కానీ అక్కడి నుంచి మొదలైన ప్రయాణం నలభై ఏళ్లకు పైగా సాగింది. తర్వాత తెనాలిలోని శ్రీరామ విలాస సభలో చేరారు. అప్పట్లో తెనాలి అంటే నాటకాలకు పెట్టింది పేరు. మాధవపెద్ది వెంకట్రామయ్య, గోవిందరాజుల సుబ్బారావు లాంటి ఉద్దండులు అక్కడివాళ్లే. అలాంటి వాళ్ల మధ్య నిలబడి పేరు తెచ్చుకోవడం చిన్న విషయం కాదు.

మైకుల్లేని రోజులు.. వన్స్‌మోర్ల రాత్రులు

ఇప్పటి పిల్లలకు నాటకం అంటే కాలేజీ ఫెస్ట్‌లో పావుగంట స్కిట్. వందేళ్ల కిందట అలా కాదు. రాత్రి భోజనాలయ్యాక మొదలైతే తెల్లవారుజాము దాకా నడిచేది. పక్కన హార్మోనియం, తబలా. మైకుల్లేవు. వెనక వరసలో చాప మీద కూర్చున్నవాడికి కూడా వినపడాలంటే గొంతు ఎత్తాల్సిందే.

వచ్చిన జనానికి కథ కొత్తేం కాదు. కృష్ణుడు రాయబారానికి వెళ్తే ఏమవుతుందో, హరిశ్చంద్రుడు కాటికాపరి ఎలా అవుతాడో అందరికీ తెలుసు. వాళ్లు వచ్చేది పద్యం కోసం, పాట కోసం. రాగం తీసి పద్యం ముగించగానే వన్స్‌మోర్ అని అరుపులు. ఏడుపు సీన్ అయినా, చావు సీన్ అయినా సరే, మళ్లీ పాడాల్సిందే! మర్నాడు పొలంలో, బండి మీద, అరుగు మీద అవే పద్యాలు వినిపించేవి. చదువు రానివాళ్లు కూడా గుక్క తిప్పుకోకుండా పాడేవాళ్లు. బ్రాడ్‌వే మ్యూజికల్స్ చూసొచ్చినవాళ్లు అందులోని పాటల్ని ఇంట్లో పాడుకుంటారే, మనకు ఆ ముచ్చట పద్యనాటకం తీర్చింది.

అలాంటి స్టేజీ మీద నిలబడాలంటే రెండు దారులు. ఒకటి, అందరికంటే గట్టిగా, ఎక్కువసేపు రాగం తీయడం. రెండోది, పాడే మాటలో మనిషిని చూపించడం. స్థానం రెండో దారి ఎంచుకున్నారు. అదే ఆయన్ను మిగతావాళ్ల నుంచి వేరుగా నిలబెట్టింది.

పాట తనే రాసుకున్నారు

‘శ్రీకృష్ణ తులాభారం’ నాటకం రాసింది ముత్తరాజు సుబ్బారావు. కథ మనకు తెలిసిందే. కృష్ణుడు తనకొక్కదానికే సొంతం కావాలని సత్యభామ ఆశ. నారదుడు వచ్చి వ్రతం అంటాడు, దానం అంటాడు. ఆ మాటలు నమ్మి సత్య ఏకంగా మొగుణ్నే దానం చేసేస్తుంది. తిరిగి దక్కించుకోవాలంటే కృష్ణుడి ఎత్తు బంగారం తూయాలి. ఇంట్లో ఉన్న నగలన్నీ తెచ్చి పోసినా త్రాసు కదలదు. చివరికి రుక్మిణి భక్తితో వేసిన ఒక్క తులసిదళానికి కృష్ణుడు తూగుతాడు.

ఈ కథలో సత్యభామ ఓడిపోతుంది. ఓటమి గట్టిగా తగలాలంటే, అంతకుముందు ఆమె ధీమా జనానికి బాగా ఎక్కాలి. కృష్ణుడు నా మాట జవదాటడు అని ఆమె ఎంత నమ్మితే, త్రాసు దగ్గర ఆమె కన్నీళ్లకు అంత విలువ. ఆ ధీమాను చూపించడానికి స్థానం స్వయంగా రాసుకున్న పాటే ‘మీరజాలగలడా’.

ఇక్కడ ఓ చిన్న మాట. మీరడం అంటే దాటడం, అతిక్రమించడం. జాలడం అంటే చేయగలగడం. అంటే దాటగలడా అని అర్థం. ఇది జవాబు తెలియక అడిగే ప్రశ్న కాదు. జవాబు తెలిసినవాళ్లు మాత్రమే వేసే ప్రశ్న. అందుకే ఈ పాటను కోపంగా పాడితే తేలిపోతుంది. మరీ వయ్యారంగా పాడినా తేలిపోతుంది. లోపల గర్వం, పైన నవ్వు, మధ్యలో మొగుడి మీద ప్రేమ.. ఈ మూడూ కలిస్తేనే సత్యభామ.

స్థానం ఈ పాటలో అదే చేసేవారట. ఒకే మాటను మళ్లీ మళ్లీ పాడుతూ, పాడిన ప్రతిసారీ వేరే భావం పలికించేవారని నాటి ప్రేక్షకులు కథలు కథలుగా చెప్పుకున్నారు. ఓసారి గర్వం, ఓసారి కొంటెతనం, ఓసారి అలక. పాట చిన్నదే. నటించడానికి మాత్రం బోలెడు చోటుంది. నటుడు రాసుకున్న పాట కదా! ఎక్కడ ఆగాలో, ఎక్కడ కళ్లు తిప్పాలో చూసుకుని కుట్టుకున్న చొక్కాలా ఉంటుంది. ఇవాళ ఆరేళ్ల పాప పాడినా అభినయం దానంతటదే వచ్చేయడానికి కారణం ఇదే.

సత్యభామ ఒక్కటే కాదు

ఒక్క వేషంతో పేరు తెచ్చుకుని అక్కడే ఆగిపోయినవాళ్లు చాలామంది. స్థానం అలా ఆగలేదు. సారంగధర నాటకంలో చిత్రాంగి.. సవతి కొడుకు మీద మనసుపడి అతని ప్రాణం మీదికి తెచ్చే స్త్రీ. విప్రనారాయణలో దేవదేవి.. భక్తుణ్ని వలలో వేసుకునే వేశ్య. రోషనారా.. మొగల్ అంతఃపురపు ఆడపడుచు. ‘కన్యాశుల్కం’లో మధురవాణి.. అక్కడ పద్యాల ఆసరా కూడా లేదు, మాట విరుపుతోనే నెగ్గుకురావాలి.

వీళ్లంతా ఆడవాళ్లే. కానీ ఒకరి నడక ఇంకొకరికి పనికిరాదు. సత్యభామ నడిచినట్టు మధురవాణి నడవదు. చంద్రమతి ఏడ్చినట్టు చిత్రాంగి ఏడవదు. చీరకట్టు దగ్గర్నుంచి చూపు దాకా ఏ పాత్రకు ఆ పాత్రను విడిగా ఆలోచించుకున్నారు కాబట్టే ఆయన నలభై ఏళ్లు నిలబడ్డారు. తన నటజీవితం గురించి ‘నటస్థానం’ అనే పుస్తకం కూడా రాశారు.

రంగూన్‌లో బంగారు కిరీటం

ఆయన పేరు తెలుగునేల దాటి సముద్రం అవతలికీ వెళ్లింది. అప్పట్లో బర్మాలో తెలుగువాళ్లు వేలల్లో ఉండేవాళ్లు. రేవుల్లో, బియ్యం మిల్లుల్లో పని కోసం ఓడెక్కి వెళ్లినవాళ్లు ఎక్కువ. ఊరికి దూరంగా ఉన్నవాళ్లకు సొంత భాషలో పద్యం వినపడితే ఎలా ఉంటుందో వేరే చెప్పాలా? 1938లో స్థానం రంగూన్ వెళ్లి నాటకాలు వేశారు. అక్కడివాళ్లు ఆయనకు బంగారు కిరీటం పెట్టి పంపారు.

సినిమాలూ పిలిచాయి. ‘రాధాకృష్ణ’ (1939), ‘సత్యభామ’ (1942) సినిమాల్లో కనిపించారు. కానీ ఆయన అసలు ఇల్లు స్టేజీనే. 1956లో కేంద్ర ప్రభుత్వం పద్మశ్రీ ఇచ్చింది. ఓ తెలుగు నాటక నటుడికి, అదీ ఆడవేషాలతో పేరు తెచ్చుకున్న మనిషికి దక్కిన గౌరవం అది.

మరి ఆడవాళ్లు ఎందుకు లేరు?

ఈ కథ వింటున్నప్పుడు ఓ ప్రశ్న రాక మానదు. ఆడవేషం మగవాళ్లు ఎందుకు వేయాలి? ఆడవాళ్లే వేయొచ్చుగా?

నిజమే. కానీ ఆ రోజుల్లో పరువు గల ఇంటి ఆడపిల్ల స్టేజీ ఎక్కడాన్ని సమాజం ఒప్పుకోలేదు. ఎక్కినవాళ్లను చిన్నచూపు చూసింది. అందుకే చాలా సమాజాల్లో ఆడవేషాలు మగవాళ్లవే అయ్యాయి. మరాఠీ సంగీత నాటకాల్లో బాలగంధర్వ పేరు ఇలాగే మారుమోగింది. మన కూచిపూడి భాగవతుల్లోనూ సత్యభామ వేషం తరతరాలుగా మగవాళ్లే కట్టారు. వేదాంతం సత్యనారాయణ శర్మ వేషం చూసి ఆడవాళ్లే ముక్కున వేలేసుకున్న సంగతి తెలిసిందే.

దీనికి ఒప్పుకోనివాళ్లూ అప్పుడే ఉన్నారు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో మొదలైన సురభి నాటక కుటుంబాల్లో ఇంటి ఆడవాళ్లే ఆడవేషాలు కట్టారు. బళ్లారి రాఘవ అయితే ఆడపాత్రలు ఆడవాళ్లే వేయాలని గట్టిగా పట్టుబట్టారు. చివరికి నెగ్గింది ఆ వాదనే, నెగ్గాల్సిందీ అదే. ఆడవాళ్లకు దక్కని చోటులోనే స్థానం కళ పెరిగింది, ఇది కూడా నిజమే. అయితే ఆ చోటును ఆయన వెక్కిరింతకు వాడుకోలేదు. ఇప్పటికీ కామెడీ షోల్లో మగాడు చీర కడితే నవ్వించడానికే. స్థానం చీర కడితే జనం నవ్వలేదు, సత్యభామను చూశారు. తేడా అక్కడుంది.

స్టేజీ నుంచి తెరకు

1966లో నిర్మాత డి.రామానాయుడు, దర్శకుడు కమలాకర కామేశ్వరరావు ‘శ్రీకృష్ణ తులాభారం’ సినిమా తీశారు. సంగీతం పెండ్యాల నాగేశ్వరరావు. సత్యభామ పాటకు కొత్త కవిని వెతుక్కోలేదు. స్టేజీ మీద జనం నోళ్లలో నానిన ‘మీరజాలగలడా’నే తీసుకున్నారు. ఇంకో విశేషం ఏంటంటే, తెర మీద సత్యభామ అయిన జమున పెరిగింది దుగ్గిరాలలో. స్థానం నాటకాలాడిన తెనాలికి అది పక్కనే. ఓ మగాడు తన కోసం రాసుకున్న పాట అలా ఓ నటి చేతికి, ఓ గాయని గొంతుకు వచ్చింది. ఆ తర్వాత తెలుగు ఇళ్లలో ఆడపిల్లలందరి పాట అయిపోయింది.

స్థానం నరసింహారావు 1971 ఫిబ్రవరి 21న కన్నుమూశారు. స్టేజీ నటుడికి ఓ కష్టం ఉంది. సినిమా నటుడు పోయినా సినిమా ఉంటుంది. నాటకం మాత్రం తెర పడగానే అయిపోతుంది. ఆయన సత్యభామ నడకను చూసిన కళ్లు ఇవాళ మన మధ్య దాదాపు లేవు. మిగిలింది పాటే.

కాబట్టి ఈసారి మీ ఇంట్లో పాప ‘మీరజాలగలడా’ పాడితే రెండు ముక్కలు చెప్పండి. ఇది కోపం పాట కాదమ్మా, ధీమా పాట అని ఒకటి. దీన్ని రాసింది బాపట్లలో పుట్టి, తెనాలిలో పేరు తెచ్చుకున్న స్థానం నరసింహారావు అని ఇంకొకటి. పాట కింద రాసినవాళ్ల పేరు పెట్టే చోట ఆ పేరు పెట్టడం కూడా మర్చిపోకండి.