గ్రహాలకు స్వరం కట్టిన బడిపంతులు

ప్రతి యేటా ఈ సంచికలో మన తెలుగు ప్రముఖుల చరిత్రలు చదువుతుంటాము. ఈసారి ఒక ఆంగ్లేయుని జీవితాన్ని పాఠకులకు పరిచయం చేయాలని మా అభిలాష. ఆయన పేరు గుస్టావ్ హోల్స్ట్. ఆకాశంలో తిరిగే గ్రహాలను సంగీతంలోకి దింపిన ఘనుడు.

హోల్స్ట్ 1874 సెప్టెంబరు 21న ఇంగ్లండులోని చెల్టెన్‌హామ్ పట్టణంలో జన్మించారు. వారి ముత్తాత రీగా నగరం నుండి వలస వచ్చినవాడు. ఆ విధంగా ఆయన కూడా మనవలెనే వలస కుటుంబపు బిడ్డ. తండ్రి పియానో విద్వాంసుడు. కుమారుడు కూడా అంతటివాడు కావాలని ఆశించాడు. కాని కుడిచేతి నరాల జబ్బు వలన ఆ ఆశ ఫలించలేదు. హోల్స్ట్ లండనులో సంగీత కళాశాలలో చదివి, ట్రాంబోన్ అనే ఇత్తడి వాద్యం వాయిస్తూ కొంతకాలం పొట్టపోసుకున్నారు. 1905లో సెయింట్ పాల్స్ బాలికల పాఠశాలలో సంగీతోపాధ్యాయులుగా చేరారు. 1907 నుండి మోర్లీ కాలేజీలో, పగలంతా పని చేసుకునే సామాన్యులకు కూడా సంగీతం నేర్పారు.

పాతికేళ్ల ప్రాయంలో ఆయనకు మన పురాణాల మీద, వేదాల మీద మక్కువ కలిగింది. దొరికిన అనువాదాలు నచ్చక, స్వయంగా సంస్కృతం నేర్చుకోవడానికి లండన్ యూనివర్సిటీ కాలేజీలో చేరారు. పండితుడు కాలేదు, నిఘంటువు పక్కన పెట్టుకొని ఒక్కొక్క మాటా కూడబలుక్కొనేవారు. ఆ కొద్దిపాటి చదువుతోనే ఋగ్వేద సూక్తాలను ఇంగ్లీషు చేసి స్వరపరిచారు. సావిత్రి కథను సంగీత నాటకంగా మలిచారు. అది 1916లో లండనులో ప్రదర్శితమైంది.

1913లో స్పెయిను యాత్రలో ఒక మిత్రుడు ఆయనకు జ్యోతిషంలో ఆసక్తి కలిగించాడు. 1914లో "ది ప్లానెట్స్" రచన ప్రారంభమైంది. కుజుడు యుద్ధం, శుక్రుడు శాంతి, బుధుడు దూత, గురువు ఉల్లాసం, శని వృద్ధాప్యం. ఆపైన యురేనస్, నెప్ట్యూన్. మొత్తం ఏడు భాగాలు. కుజుని భాగం మన ఖండచాపు వలె అయిదు లెక్కల మీద నడుస్తుంది. వింటే సేనలు కదలివచ్చినట్లుంటుంది. చివరిదైన నెప్ట్యూన్‌లో స్త్రీలు పక్కగదిలో కనబడకుండా పాడతారు. తలుపు మెల్లమెల్లగా మూస్తారు. పాట ఎక్కడ ఆగిందో తెలియకుండా శూన్యంలో కలిసిపోతుంది.

మన దేశంలో అంతకు ఒక శతాబ్దం ముందే ముత్తుస్వామి దీక్షితులు (1775-1835) గ్రహాలపై కృతులు రచించారు. సూర్యుడు మొదలు శని వరకు ఏడింటిని ఏడు తాళాలలో కూర్చారు. దీక్షితులకు గ్రహాలు దేవతలు. హోల్స్ట్‌కు అవి మనుష్య స్వభావాలు. ఆకాశం ఒకటే, చూసే చూపులు వేరు.

బడి ఉన్న రోజులలో హోల్స్ట్‌కు తీరిక ఉండేది కాదు. ఆదివారాలు, సెలవులలోనే రచన సాగింది. చేతి నొప్పి వలన తోటి ఉపాధ్యాయినులు స్వరాలు వ్రాసిపెట్టి సాయపడ్డారు. 1916 నాటికి రచన పూర్తి అయింది. 1918 సెప్టెంబరు 29న, ఒక మిత్రుని ఖర్చుతో, ఆహ్వానితుల ముందు లండను క్వీన్స్ హాలులో తొలిసారి వినిపించారు. ఏడ్రియన్ బౌల్ట్ నడిపించారు. రెండు గంటలు కూడా సాధన లేదు. ఆయన శిష్యురాండ్రే నెప్ట్యూన్ పాట పాడారు. 1920 తరువాత కీర్తి వెల్లువలా వచ్చిపడింది. ఆయన దానిని బరువుగానే భావించారు. బాలికల బడిని మాత్రం 1934 మే 25న మరణించే వరకు వదలలేదు.

1930లో ప్లూటోను కనుగొన్నా ఆయన ఎనిమిదవ భాగం చేర్చలేదు. 2006లో శాస్త్రజ్ఞులు ప్లూటోను గ్రహాల జాబితా నుండి తొలగించారు. భూమిని విడిచి చూస్తే ఆయన ఏడు లెక్క నేటికీ సరిపోతున్నది!

మేము సాయంకాలపు తరగతులలో తెలుగు నేర్చుకున్నవాళ్లం. ఇంత వయసులో అక్షరాలు దిద్ది ఏం లాభమని మన ఇళ్లలో అడిగేవారున్నారు. పూర్తిగా రాకపోయినా, కొద్దిగా నేర్చిన భాష కూడా మనిషికి కొత్త ఆకాశాన్ని చూపగలదు. హోల్స్ట్ జీవితం అందుకు సాక్ష్యం. ఆయన సంగీతాన్ని ఒకసారి పిల్లలతో కలిసి వినండి. తెలుగు పలకను కూడా వారితో కలిసే పట్టండి.